బ్యాటరీలు తీశాక

ట్యాంకులోకి దిగినవాడి ముఖానికి మాస్కు ఉంటుంది, మాటలు వినబడవు. అందుకని మా బావా నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రెషర్ గేజ్‌లు సరిచూసే మా కాలిబ్రేటర్‌లో రెండు భాగాలు. పెట్టె లోపల బావ దగ్గర, స్క్రీన్ బయట నా దగ్గర. మధ్యలో వైరు లేదు. బావ బటన్ నొక్కితే, పెట్టెలో బ్యాటరీ ఎంతుందో నా స్క్రీన్ మీద కనబడుతుంది. కనబడిందంటే బావ క్షేమం. ఈ సంగతి అక్కకి తెలిస్తే ఇద్దరికీ తిండి పెట్టదు.

ఆ మధ్యాహ్నం బావ ఎంతకీ నొక్కడే! మ్యాన్‌హోల్ దగ్గర కాలుకాలిన పిల్లిలా తిరిగాను. లోపల చిమ్మచీకటి. తుప్పు వాసన, మురిగిన నూనె వాసన. ఎక్కడో బొట్టు పడుతున్న చప్పుడు.

"బావా! నిద్రపోయావా ఏంటి? నొక్కి చావు!" అని లోపలికి అరిచాను.

బీప్. బ్యాటరీ సగం ఉంది. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది.

"ఎవరితోరా మాట్లాడుతున్నావ్?"

నా వెనక బావ! అవతలి మ్యాన్‌హోల్‌లోంచి ఎప్పుడో బయటికొచ్చేశాడట. పెట్టె పనిచేయక లోపలే వదిలేశాడట. అరచెయ్యి చాపాడు. అందులో పెట్టె బ్యాటరీలు.

బీప్.

స్క్రీన్ చూపించాను. ఫుల్ ఛార్జింగ్.

"లోపల ఎవరూ లేరు," అన్నాడు బావ గుసగుసగా. "మూత వేసెయ్."

"ఒకవేళ ఉంటే?"

"వేసెయ్‌రా... నా మాట విను."

లోపలికి టార్చి వేసి ఇద్దరం తొంగిచూడకుండా బావ ఏనాడూ మూత వేయనివ్వలేదు. అది అడుగుదామనుకున్నాను. బీప్. బీప్. బీప్... ఆగకుండా, ఆత్రంగా. నాకు చచ్చేంత భయమేసింది. అది ఆగితే చాలనిపించింది.

మూత వేశాం. బోల్టులు బిగించాను. అంత మందం ఇనుములోంచి సిగ్నల్ రాదు. స్క్రీన్ నల్లబడింది.

ట్యాంకు చుట్టూ తిరిగి గేటు వైపు నడిచాం. అవతలి మ్యాన్‌హోల్ కనబడింది.

దాని మూత వేసే ఉంది. బోల్టులన్నీ బిగించే ఉన్నాయి. వాటి మీద పాత రంగు... పెచ్చు కూడా ఊడలేదు.

"బావా..." అన్నాను.

నా చేతిలోంచి మెల్లగా స్పానర్ తీసుకున్నాడు.

"పదరా. మీ అక్క ఎదురుచూస్తుంటుంది."