ఆగమనే వాకిలి

ఆ కొండల్లో మూడు పాడుబడ్డ కోటల్ని కలుపుతూ ఒక కాలిదారి ఉంది. పగలు దానికి వంక పెట్టేవాళ్ళు లేరు. పొద్దు వాలాక మాత్రం ఒక్క చోటికి చెడ్డపేరు — రెండో కోట కింది వాకిలి. చీకట్లో దాన్ని దాటబోతే లోపల్నుంచి ఒక మగగొంతు "ఆగు" అంటుందట.

విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆగినవాళ్ళు మాత్రం లేరు.

ఆ దారి చూపించే గైడ్లు నలుగురు. ముగ్గురు మగవాళ్ళు, నాలుగోది పొట్టిది. ఎత్తు చూసి పెట్టిన పేరది; నోరు చూసి పెట్టి ఉంటే ఇంకోలా ఉండేది. పని నేర్పింది ఆమె బాబాయే. ఇరవై ఏళ్ళుగా కొండలెక్కుతున్న మనిషి. ఆయన కూడా ఒకసారి ఆ మాట విని, చేతిలో టార్చి పారేసి పరుగు లంకించుకున్నాడు.

ఒక సాయంత్రం బాబాయీ తనూ ఎనిమిదిమందికి రెండో కోట చూపించి దిగబోతుంటే, లెక్కల టీచరు ఒకావిడ గోడ మీదనుంచి జారింది. పదునైన రాయి పిక్కని నిలువునా కోసేసింది. పొట్టిది స్కార్ఫు విప్పి బిగించి కట్టింది. చూస్తుండగానే అదీ తడిసిపోయింది. ఫోన్లలో సిగ్నల్ లేదు.

"చుట్టుదారిన పోదాం," అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి.

"అది మూడు గంటలు బాబాయ్. వాకిలి లోంచి అయితే అరగంట. కింద జీపుంది."

"చీకటి పడిందే..."

"పడనీ. నెత్తురు ఆగమంటే ఆగుతుందా?"

బాబాయి ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "మిగతావాళ్ళని నేను తిప్పి తీసుకొస్తా," అని గొణిగాడు.

పొట్టిది టీచరు చెయ్యి భుజం మీద వేసుకుని దిగింది. ఒక్కో మెట్టూ కుంటుకుంటూ... ఊపిరి బిగబట్టుకుంటూ...

"ఆ వాకిలి గురించి నాకు చెప్పారమ్మాయ్," అంది టీచరు మెల్లగా.

"నాకూ చెప్పారు మేడమ్. మీరు కాలు ఎత్తి వెయ్యండి."

వాకిలి వచ్చింది. లోపల చీకటి, కుక్కి నింపినట్టుంది. ఒక అడుగు... రెండు... మూడు...

"ఆగు."

గట్టిగా కాదు. రోజుకి వందసార్లు అదే మాట అని అని విసిగిపోయిన గొంతు.

టీచరు వేళ్ళు భుజంలోకి దిగబడ్డాయి. పొట్టిదానికీ పరుగెత్తాలనే అనిపించిందని తర్వాత తనే చెప్పింది. కానీ ఆ కాలితో టీచరెలా పరుగెత్తుతుంది? అది తోచగానే భయం కాస్తా ఒళ్ళుమంటగా మారింది.

ఆగింది.

"ఆగాను. చెప్పు."

జారిపోతున్న టీచరు చేతిని భుజం మీదికి ఎగలాగింది.

"ఏం, ఇంతేనా? అందర్నీ హడలగొట్టింది ఇందుకా?" కట్టు కట్టిన కాలు చూపించింది. "ఈవిడకి దెబ్బ తగిలింది. నెత్తురు పోతోంది. నువ్వు కాపలావాడివైతే కళ్ళు తెరిచి చూడు. నేను మాత్రం వెనక్కి పోను. దారి వదులు."



తర్వాత గొలుసు కదిలిన చప్పుడు. ఆ వెనకే — కిర్రుమని, బరువుగా, ఎంతో నెమ్మదిగా — చెక్క రాయిని ఒరుసుకున్న చప్పుడు. కింది లోయ గాలి మొహానికి తగిలింది.

"ఏమిటది?" టీచరు గుసగుసలాడింది.

"తలుపులు తీశాడు."

టీచరు ఫోన్ టార్చి అటూ ఇటూ తిప్పింది. రెండు పక్కలా ఒట్టి రాయి. మడతబందులుండే కన్నాల్లో గడ్డి మొలిచి ఉంది. ఆ తలుపులు చివికి మట్టిలో కలిసి కొన్ని వందల ఏళ్ళయింది.

ఇద్దరూ దాటారు. తొందరపడదామన్నా ఆ కాలితో కుదరదు.

ఆ రాత్రి పదకొండు కుట్లు పడ్డాయి, టీచరు కాలు దక్కింది. అది తర్వాతి సంగతి. వాకిలి దాటి పదడుగులు వేశారో లేదో, వెనక మళ్ళీ అదే కిర్రు... తలుపులు మూసుకుని, గడియ పడింది.

పొట్టిది తల తిప్పలేదు. నడుస్తూనే, వెనక్కి వినపడేలా అంది:

"పొద్దున్న మళ్ళీ వస్తా. మేడమ్ గారి బ్యాగు పైనే ఉండిపోయింది."