ఎలుకల గదిలో ఏజెంట్

"ఉప్పు సోయాపాలు ఉన్నాయా? మా మామయ్యకు పంచదార పడదు."

అది కోడ్. దానికి సోయాపాల కొట్టు కౌంటర్ వెనక మనిషి "మీ మామయ్యకు పళ్ళున్నాయా?" అనాలి. అప్పుడు ఏజెంట్ వెంగ్ బోయెన్ వెనక గదిలోకి వెళ్ళాలి.

"ఉప్పువి అయిపోయాయి. తీపివి తాగితే తాగు, లేకపోతే జరుగు. నీ వెనక వీధి వరకూ జనం ఉన్నారు," అంది కౌంటర్ వెనక ఆవిడ.

బోయెన్ ఇంకోసారి చెప్పాడు. మామయ్య అన్న మాట ఒత్తి మరీ పలికాడు. ఆవిడ గరిటె ఎత్తింది.

వెనక గది తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి, అతని కాలర్ పట్టుకుని లోపలికి లాగేసింది.

"మన మనిషికి ఇవాళ జ్వరం. ఆవిడ వాళ్ళ అత్తగారు," అన్నాడు సెక్షన్ చీఫ్ పాన్, వేయించిన పిండికాడను సోయాపాలలో ముంచుకుంటూ. "కూర్చో. మిషన్ ఉంది."

బోయెన్ గుండె ఒక్క క్షణం లేచింది. పోయిన ఏడాది లిస్బన్ పోస్టింగ్ అడిగితే చిన్‌మెన్ దీవికి పంపారు. ఈ ఏడాది ప్రేగ్ అడిగాడు.

"తంషుయి," అన్నాడు పాన్.

గుండె మళ్ళీ కూర్చుంది. తైపే నుంచి మెట్రో ఎక్కితే చివరి స్టేషన్ తంషుయి.

"అక్కడ కోళ్ళ జబ్బుల పరిశోధనశాల ఉంది. నువ్వు ఎలుకల గదిలో అటెండర్‌వి. పేరు ఆ-షుయి."

"కోళ్ళ జబ్బులైతే ఎలుకలెందుకు సార్?"

"డాక్టర్ షావ్ యూచిన్ అని ఒకావిడ ఉంటుంది, ఆవిణ్ణి అడుగు. అరుస్తుంది, కానీ చెప్తుంది. ఆవిడ దగ్గర ఒక కణాల క్లోన్ ఉంది. పేరు 7జి4. దాన్ని ఎత్తుకుపోయి, ఇక్కడ మిగలకుండా చేసి, మన కోళ్ళ పరీక్ష మనకే అమ్మాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. ఒంటికాలి మీద నిలబడి జపం చేస్తూ, అదను చూసి పొడిచే రకం. అందుకే మనవాళ్ళు 'కొంగ' అని పేరు పెట్టారు."

పాన్ జేబులోంచి ఒక థర్మామీటర్ తీశాడు. "ట్రాన్స్‌మిటర్. పైన నొక్కితే మా దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది. ఎండ పడితే దానంతటదే చార్జ్ అవుతుంది."

"తంషుయిలో చలికాలం ఎండ ఎప్పుడు వచ్చింది సార్?"

"ప్రతిదానికీ సణుగుతావేమోయ్! ఇంకొకటి. వివియన్ గూ. ల్యాబ్ సామాన్లు అమ్ముతుంది. మనకు కబుర్లు మోస్తుంది. కొంగకూ మోస్తుంది."

"ఇంతకీ ఎవరి మనిషి?"

"ఆ సంగతి ఆవిడకు తెలిస్తే మనకూ తెలిసేది," అన్నాడు పాన్. మిగిలిన పాలు తాగేసి వెళ్ళిపోయాడు. 

* * *

గూఢచారి శిక్షణలో బోయెన్‌కు కత్తిని తప్పించుకోవడం నేర్పారు, బుల్లెట్‌ను తప్పించుకోవడం నేర్పారు. ఎలుక పళ్ళను తప్పించుకోవడం ఎవరూ నేర్పలేదు. 

"ఏమయ్యా ఆ-షుయీ! అది ఎలుకా, బియ్యం బస్తా అనుకున్నావా? తోక మొదట్లో పట్టుకో, మెత్తగా!" డాక్టర్ షావ్ గొంతు రెండు గోడలు దాటి వచ్చేది. పొట్టి మనిషి, యాభై దాటిన వయసు, చేతులెప్పుడూ స్పిరిట్ వాసన.

"ఎందుకు మేడం ఇన్ని ఎలుకలు? మనవి కోళ్ళ రోగాలు కదా?"

ఆవిడ అరిచింది. తర్వాత చెప్పింది.

"కోళ్ళ వైరస్ ముక్క ఒకటి ఎలుకకు ఎక్కిస్తాం. దాని ఒంట్లో ఆ ముక్కను పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. వాటిని తయారుచేసే కణాన్ని బయటికి తీస్తే నాలుగు రోజుల్లో చస్తుంది. కాన్సర్ కణం ఉంది చూడు, దానికి చావు లేదు. రెండిటికీ పెళ్ళి చేస్తాం. పుట్టిన బిడ్డ బతికున్నన్నాళ్ళూ ఒకే రకం యాంటీబాడీ తయారుచేస్తుంది. ఒకే రకం! అర్థమైందా?"

"వందల్లో పుడతాయి కదా మేడం, ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?"

"ఒక్కొక్కటీ విడదీసి, పెంచి, పరీక్షించి, పారేసి, మళ్ళీ మొదటికొచ్చి. ఐదేళ్ళు పట్టింది నాకు." ఆవిడ గొంతు తగ్గింది. "మన కోళ్ళకు రెండు వైరస్‌లున్నాయి. ఒకటి జలుబు లాంటిది, వచ్చిపోతుంది. రెండోది ఊరంతా ఊడ్చేస్తుంది. బజారులో దొరికే యాంటీబాడీ రెండిటినీ పట్టుకుంటుంది. నా 7జి4 చంపేదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. యున్‌లిన్‌లో మా అన్నయ్య నాటుకోళ్ళు పెంచుతాడు. పోయిన చలికాలం ఒక షెడ్డులో కోళ్ళు తూగితే, ఏ వైరస్సో తేల్చే లోపల అన్ని షెడ్ల కోళ్ళనూ చంపించారు. తర్వాత చూస్తే మిగతా షెడ్లలో ఉన్నది ఉత్త జలుబు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టు! ఇంకోసారి అలా జరిగితే కోడి మొహం చూడనన్నాడు. ఈ చలికాలానికి 7జి4తో పరీక్ష కిట్ రావాలి. రావాలంతే."

ఆ వారమే దెబ్బ పడింది. పెరుగుతున్న 7జి4 ఫ్లాస్కులన్నీ ఒకేసారి మబ్బుపట్టిన నీళ్ళలా మారాయి. బూజు. ఎవరో కావాలని పోసిన బూజు. ముందు ఘనీభవింపజేసి దాచినవి ఒక్కటి మిగిల్చి కరిగించి చూస్తే, అన్నీ చచ్చాయి. ఆ ఒక్కటీ వేలెడంత సీసాలో, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో, పొగమంచు కింద నిద్రపోతోంది. శుక్రవారం అది షిన్‌జూలో కిట్‌లు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్ళాలి.

బోయెన్ అందరినీ అనుమానించాడు. లంచ్ వేళ గుసగుసగా ఫోన్ మాట్లాడే అమ్మాయిని మూడుసార్లు వెంబడించాడు. మూడుసార్లూ ఆమె గోళ్ళకు రంగు వేయించుకుంది. హెడ్డాఫీసుకు రిపోర్టులు పంపాడు. జవాబొచ్చింది: "కరిచిన ఎలుకకు టీకాలు వేశారో లేదో తెలుపగలరు."

* * *

శుక్రవారం మధ్యాహ్నం, వర్షంలోంచి వివియన్ గూ ఎలుకల గదిలోకి వచ్చింది. ఎత్తు మడమల చెప్పులు, ముత్యాల రంగు రెయిన్‌కోటు. ఆ కంపులో కూడా ఆమె నుంచి మల్లెల సెంటు వాసన.

"ఆ-షుయి అన్నా, నీ ఒంటి మీద ఈ ఏప్రాన్ ఎంత నప్పిందో," అంది.

"వచ్చిన పని చెప్పండి."

"నైట్రోజన్ నింపే వాడు ఇవాళ రోజూకన్నా ముందే వచ్చి వెళ్ళాడు. ఒకసారి చూసుకోకూడదూ?"

బోయెన్ పరుగెత్తాడు. ట్యాంకుల గదిలో డాక్టర్ షావ్ అప్పటికే నిలబడి ఉంది, మొహం సున్నంలా.

"దీని ప్యాకెట్ ఏది?" అంది.

ఆ గదిలో ప్రతి మెషీన్ మీదా ఆకుపచ్చ చిప్స్ ప్యాకెట్ ఉంటుంది. అది ఉంటే మెషీన్ మొరాయించకుండా బుద్ధిగా పనిచేస్తుందని ఈ దీవిలో ఆస్పత్రి నుంచి బ్యాంకు దాకా అందరి నమ్మకం. ప్యాకెట్ తినకూడదు, గడువు దాటనివ్వకూడదు. డాక్టరేట్లున్న వాళ్ళు కూడా నవ్వుతూనే పెడతారు, పెట్టడం మాత్రం మానరు. ఆ ట్యాంకు మీద లేదు. నంబరు అదే, గీతలు అవే, అంటించిన టేపు కూడా అదే. డాక్టర్ మూత లాగింది. పొగ లేదు. లోపల ఒట్టి గాలి. ఎవరో ట్యాంకునే మార్చేశారు.

బోయెన్ థర్మామీటర్ నొక్కాడు. అది గది ఉష్ణోగ్రత చూపించింది. 

ఫోన్ చేశాడు. అవతల డప్పులు, చప్పట్లు.

"ఆఫీసు వార్షిక విందులో ఉన్నామయ్యా!" అరిచాడు పాన్. "లక్కీ డ్రా నడుస్తోంది. ఏంటి, ట్యాంకా? ఒక్క నిమిషం, నా నంబర్ పిలుస్తున్నారు... రైస్ కుక్కర్! నాకు రైస్ కుక్కర్ వచ్చింది!"

బోయెన్ ఫోన్ కట్ చేసి, వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ వివియన్ వైపు తిరిగాడు. "ఎక్కడికి తీసుకెళ్ళారు?"

ఆమె గొడుగు విప్పుతూ గోడకు చెప్పినట్టు చెప్పింది. "టావ్‌యువెన్ విమానాశ్రయం. కార్గో. పందుల సరుకుతో పాటు." ఆ మాటతో వర్షంలోకి వెళ్ళిపోయింది.

"నువ్వు అటెండర్‌వి కాదు కదూ?" అంది డాక్టర్ షావ్.

"కాదు మేడం. ప్రభుత్వ ఏజెంట్‌ని."

"అనుకున్నా. ఇంత చేతకాని అటెండర్ ఉండడు. పికప్ తాళాలు ఇవిగో. నేనూ వస్తున్నా."

* * *

కార్గో షెడ్డులో తొమ్మిది ట్యాంకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తొమ్మిదీ ఒక్క అచ్చు. కాగితాల ప్రకారం లోపలున్నది మేలుజాతి పంది వీర్యం. 

"ఈ మోడల్ ఊరూరా అమ్మింది ఆ మహాతల్లే," పళ్ళు కొరికింది డాక్టర్ షావ్. ఆ మహాతల్లి వివియన్ అక్కడే ఉంది. ఆమె పక్కన పొడుగాటి విదేశీయుడు. కాగితాల మీద అతని పేరు వార్డెల్, వృత్తి పశుసంవర్ధనం.

కస్టమ్స్ అధికారి తూ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అనుమానం మీద ఒక్క ట్యాంకు తెరిపించే అధికారం నాకుంది. ఒక్కటే. మిగతావాటికి ఆర్డరు కావాలి."

"ఎవరిస్తారు?"

"సోమవారం ఆఫీసుకు వచ్చేవాళ్ళు. విమానం మాత్రం ఇప్పుడే బయల్దేరుతుంది."

"మీ ఇష్టం వచ్చింది ఎంచుకోండి," మర్యాదగా నవ్వాడు వార్డెల్. ఫోర్క్‌లిఫ్ట్ అప్పుడే మొదటి ట్యాంకు వైపు కదిలింది.

బోయెన్ వరస వెంట నడిచాడు. తట్టి చూశాడు, వంగి చూశాడు. ఏ తేడా లేదు. ఇన్ని వారాల ఎలుక కాట్లు, పెంటికలు, తిట్లు, చివరికి తొమ్మిదింట ఒకటి లాటరీకి వచ్చి ఆగాయి. లక్కీ డ్రాలు కూడా పాన్‌కే తగులుతాయి, తనకు కాదు.

అప్పుడు తట్టింది. తొమ్మిది ట్యాంకులు, ఒక్కదాని మీదా ప్యాకెట్ లేదు. ఈ దీవిలోనా? ఎవరో పనిగట్టుకుని పీకించారు. ఈ నమ్మకం సంగతి తెలియని విదేశీయుడు, అన్నీ ఒకేలా ఉండాలని.

వ్యాన్ పక్కన డ్రైవర్ నిలబడి ఉన్నాడు. తమలపాకు నములుతున్న లావుపాటి స్థానికుడు. బోయెన్ అతని దగ్గరికి వెళ్ళాడు.

"ఏం అన్నా, ప్యాకెట్ లేని బోసి ట్యాంకులు వేసుకుని హైవే ఎక్కావా? నీ ధైర్యానికి దండం పెట్టాలి."

డ్రైవర్ నమలడం ఆగింది.

"దారిలో ఆ పొడుగాయన సరుకు పాడైతే ఎవరి తల తీస్తాడు? నీదేగా?"

"నేనంత తెలివితక్కువ వాణ్ణా!" రోషంగా అన్నాడు డ్రైవర్. "అన్నీ పీకేయమంటే పీకేశా గానీ, దానికి మాత్రం—"

నాలుక కరుచుకున్నాడు. కానీ కళ్ళు ఆరో ట్యాంకు మీదికి వెళ్ళి వచ్చాయి.

బోయెన్ ఆరో ట్యాంకు అడుగుకు చెయ్యి పోనిచ్చాడు. కరకరమంది. టేపు వేసి అంటించిన ఆకుపచ్చ ప్యాకెట్. కొత్తది.

"ఇదే తెరవండి!"

వార్డెల్ నవ్వు మాయమైంది. ఎవరూ ఊహించనంత వేగంగా వచ్చి ట్యాంకును తన్నాడు. మూత ఎగిరింది, ట్యాంకు పడింది, తెల్లటి పొగ నేలంతా పరుచుకుంది. పొగలోంచి ఒక చిన్న సీసా దొర్లుకుంటూ వచ్చింది. వార్డెల్ బూటు దాని మీదికి లేచింది.

ఎత్తు మడమ చెప్పు ఒకటి అడ్డం వచ్చింది. వార్డెల్ బోర్లా పడ్డాడు.

"అయ్యో, కాలు జారింది," అంది వివియన్ గూ.

"సీసా!" అరిచింది డాక్టర్ షావ్. ఒట్టి చేత్తోనే తీసింది, ఆ చలికి వేళ్ళు కాలుతున్నా వదలలేదు. అది కరిగిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. పక్క ట్యాంకు మూత లాగి లోపల ముంచేసింది.

"మేడం! ఒక్క ట్యాంకే అన్నాను! పైగా అందులో పంది వీర్యం ఉంది!"

"నా కణాలకు కులం పట్టింపు లేదు. ఆ తెల్లాయన్ని పట్టుకోండి ముందు."

బోయెన్ అప్పటికే వార్డెల్ వీపు మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తేసరికి వివియన్ గూ లేదు. మల్లెల సెంటు వాసన ఉంది.

* * *

కణాలు కరిగించిన తర్వాత రెండు రోజులు డాక్టర్ షావ్ ఎవరితోనూ మాట్లాడలేదు. అరవలేదు కూడా. మూడో రోజు మైక్రోస్కోప్ దగ్గర్నుంచి లేచి, బొబ్బలెక్కిన వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. 7జి4 బతికింది.

చలికాలం ముగిసేలోపు కిట్ యున్‌లిన్ చేరింది. అన్నయ్య కోళ్ళలో మళ్ళీ తూగు కనిపించింది. ఒక్క షెడ్డులో కిట్ మీద గీత ఎర్రగా పడింది, ఆ షెడ్డు పోయింది. మిగతా షెడ్లలో కోళ్ళు తుమ్ముతూ, పోట్లాడుకుంటూ, గింజలు తింటూనే ఉన్నాయి.

బోయెన్ పతకం సంగతి అడగడానికి హెడ్డాఫీసుకు వెళ్ళాడు. పాన్ టేబుల్ మీద కొత్త రైస్ కుక్కర్ ఉంది.

"రికార్డు ప్రకారం ఏమీ పోలేదు కదోయ్," అన్నాడు పాన్ జాలిగా. "పోనిదాన్ని వెతికి తెచ్చావని పైకి ఎలా రాయను? ప్రేగ్ కూడా నిండిపోయింది. ఇంకో సంగతి, డాక్టర్ షావ్ నిన్ను ఇంకో ఏడాది ఉంచమని రాసింది. బాతుల వైరస్‌కు క్లోన్ మొదలుపెడుతోందట. కొంగ మళ్ళీ వాలుతుంది."

సాయంత్రం తంషుయిలో వర్షం. ఎలుకల గది తలుపు తీస్తుంటే లోపల్నుంచి ఆ గొంతు రెండు గోడలు దాటి వచ్చింది.

"ఏమయ్యా, పతకం ఇచ్చారా?"

"లేదు మేడం."

"నా ఎలుకలకూ ఇవ్వలేదు. చేతులు కడుక్కుని రా."