పెద్ద స్క్రీన్‌లో లేని బండ

సీక్రెట్ ఏజెంట్ గద్ద మారువేషం వేస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదని డిపార్ట్‌మెంట్‌లో పేరు. ఆ పేరు పుట్టించింది గద్దే.

పడవెక్కీ ఎక్కకముందే, దాన్ని నడిపే సరంగు నవ్వాడు. "ఏజెంటుగారూ, మీసం ఊడుతోంది."

"ఏజెంటేంటి? నేను కొనుగోలు కమిటీ మెంబర్ని," అన్నాడు గద్ద మీసం అదుముకుంటూ.

కుళ్ళిన చేపలు, డీజిలు, ఎవరివో తడి సాక్సులు. మూడు వాసనలూ కలిసి ముక్కులో కాపురం పెట్టాయి. ఛీ!

మిషన్ సింపుల్. రెస్క్యూ పడవలన్నిటికీ సముద్రంలో లోతులూ బండలూ చూపించే ఎలక్ట్రానిక్ చార్ట్ ఒకే రకంది కొనాలి. క్యాబిన్‌లో పెద్ద స్క్రీన్‌ది ఒకటి, చిన్న స్క్రీన్‌ది ఒకటి బిగించారు. ఒకదాంట్లో విదేశీ ముఠా బండలన్నీ చెరిపేసింది. అది కొంటే, మునిగేవాళ్ళని కాపాడబోయిన పడవలే మునుగుతాయి. దొంగది ఏదో ఈ ట్రయల్‌లోనే తేల్చాలి.

గద్ద వాచీలో నలభై గాడ్జెట్లున్నాయి. టైమ్ మాత్రం చూపించదు.

సేల్స్ మేడమ్ దగ్గరికొచ్చింది. ఆమె సెంటు కొట్టిన దెబ్బకి చేపల కంపే నయమనిపించింది. "కెరటం ఎర్రన," అంది చెవిలో.

కోడ్! అంటే ముఠాలో ఉన్న మన మనిషి!

"పెద్ద స్క్రీనే అసలుది. చిన్నది ఆపేయండి."

గద్ద ఆపేశాడు. ఎలాగూ ఆ చిన్నదాని రంగు చూస్తేనే కడుపులో తిప్పుతోంది. పెద్దది సినిమా తెరంత ఉంది. దాన్నిండా నున్నటి నీలం.

"ఈ దారి నాకు కొత్త బాబూ. రెండూ చూసుకుంటూ పోదామా?" అన్నాడు సరంగు.

"ముప్పై బారల లోతుందని చూపిస్తోంది కదయ్యా! ఫుల్ స్పీడ్!"

పడవ ఎగిరింది. గద్ద పొట్ట ఇంకా పైకెగిరింది. మొన దగ్గరికి పరిగెత్తి, పొద్దున తిన్నదంతా ఆరు గజాల దూరం సముద్రానికి సమర్పించుకున్నాడు.

అది మునగలేదు. కెరటం తగ్గేసరికి నల్లటి బండ మీద కూర్చుని అతన్నే చూస్తోంది.

"బండ! తిప్పవయ్యా!"

సరంగు చక్రం తిప్పాడు. పడవ పక్కనున్న రంగంతా గీరుకుపోయింది. లైఫ్ జాకెట్‌తో దూకబోయిన మేడమ్, గద్ద డెక్ మీద మిగిల్చిన దాంట్లో కాలేసి వెల్లకిలా పడింది. చీదరించుకుంటూనే కట్టేశారు. మన కోడ్ పెట్టుకుని ముఠాకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్!

ఆఫీసులో చీఫ్ అడిగాడు. "దొంగ చార్ట్‌ని ఎలా పట్టావ్?"

"గద్ద చూపు సార్."

"చిన్నదాంట్లో ఆ బండ శుభ్రంగా కనిపిస్తోంది. దాన్ని ఆపిందెవరు?"

గద్ద నేలచూపులు చూశాడు. "నేనే సార్. స్క్రీన్ పెద్దదని, మేడమ్ చెప్పిందని... బండని పట్టింది కూడా నేను కాదు. నా వాంతి."

చీఫ్ ముక్కు మూసుకున్నాడు. "మరి కమిటీకి ఏది కొనమని చెప్పను?"

"చిన్నదే సార్. చూస్తే కక్కొస్తుంది గానీ, అబద్ధం ఆడదు."