వాటాల మందు

“ఈ మందు పనిచేయడం లేదు. ప్రయోగం నేటితో ఆపివేయబడుతుంది.”

ఊరి ఆరోగ్య కేంద్రం వరండాలో గోడకున్న తెర తీయటి గొంతుతో ఆ మాట చెప్పేసరికి నూకరత్నానికి పైప్రాణాలు పైనే పోయాయి. పక్కన బెంచీ మీద ఆమె మొగుడు ఎల్లాజీ కూర్చుని ఉన్నాడు. నిన్నమొన్నటిదాకా మంచం దిగలేని మనిషి, ఈవేళ రేవు నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాడు. మందు పనిచేయకపోతే మరి నడిపించిందెవరు?

ఆ తెర వెనకున్న యంత్రం పేరు వారధి. పూర్వం కిడ్నీ జబ్బు ఈ తీరంలో ఉండేది, పరిశోధన ఎక్కడో మహానగరాల్లో జరిగేది, ఊరి డాక్టరుకి ఆ పరిశోధన సంగతి తెలిసేది కాదు. వారధి వచ్చి రోగినీ, డాక్టర్నీ, పరిశోధకుల్నీ కలిపింది. రోగి భుజానికి రూపాయి బిళ్ళంత సెన్సర్ అతికిస్తారు. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో అది కొలిచి, ఆ అంకెని రోగి ఫోన్‌కీ, డాక్టరుకీ, పేరు లేకుండా విశాఖలోని పరిశోధకులకీ ఒక్కసారే పంపుతుంది. అంకె పెరిగితే కిడ్నీ చెడుతున్నట్టు, తగ్గితే కోలుకుంటున్నట్టు. ఏ ప్రాంతపు జబ్బుకి ఆ ప్రాంతంలోనే మందు పరీక్షిస్తుంది. సగం మందికి అసలు మందు, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్త బిళ్ళ. ఎవరికేది వెళ్ళిందో వారధికి తప్ప ఎవరికీ తెలియదు.

విశాఖ నుంచి వచ్చిన పరిశోధకురాలు డాక్టర్ మృదుల నెమ్మదిగా చెప్పింది. “అందరూ కొంత కోలుకున్నారమ్మా, కాదనను. కానీ మందు వేసుకున్నవాళ్ళెంతో, ఉత్త బిళ్ళ వేసుకున్నవాళ్ళూ అంతే. రెండు గుంపులకీ తేడా లేదు. ఊరికి కొత్త మంచినీళ్ళు వస్తున్నాయిగా, వాటివల్ల కావచ్చు.”

తేడా ఎందుకు లేదో రత్నానికి తెలుసు.

ఆ రేవులో పడవ ఒడ్డుకొస్తే చేపల్ని ఇసుక మీద కుప్పలు పోసి వాటాలేస్తారు. వేటకెళ్ళినవాడికీ వాటా, జబ్బుపడి ఇంట్లో ఉన్నవాడికీ వాటా. అలాంటి ఊళ్ళో ఒకడికి మందు, ఇంకొకడికి ఉత్త సున్నం బిళ్ళానా? బిళ్ళలు వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్ళంతా రత్నం ఇంట్లో చేరి, అన్నీ ఒక్క గిన్నెలో పోసి కలిపి సమంగా పంచుకున్నారు. పంచింది రత్నమే. వారధికి ఎన్ని లెక్కలొచ్చినా ఈ లెక్క మాత్రం అందలేదు.

చెబితే, ఎవరి బిళ్ళ వాళ్ళే మింగాలన్న షరతు తప్పారని ఊరినంతా గెంటేస్తారేమో. చెప్పకపోతే మందే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎల్లాజీ వాళ్ళ అన్న డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. చివరికి ఎముకల గూడులా మిగిలిన ఆ మనిషి గుర్తొచ్చేసరికి రత్నం మృదుల దగ్గరికి వెళ్ళింది.

“తల్లీ, తప్పు మాదే,” అంది. “బిళ్ళలన్నీ కలిపీసి వాటాలేసుకున్నాం. మందు పన్జేత్తందమ్మా. ఆపీకండి. నా పెనిమిటి సచ్చిపోతాడు.”

“ఎంత పని చేశారమ్మా! అందరూ కలిపి తింటే తేడా ఎలా కనిపిస్తుంది?” అంది మృదుల.

“తేడా ఉండకూడదనే గదమ్మా పంచుకున్నాం!”

మృదుల ఆ రోజంతా పైవాళ్ళతో పోట్లాడింది. ఎవర్నీ గెంటలేదు. ప్రయోగం మళ్ళీ మొదలైంది. కాకపోతే ఇకపై ఎవరి బిళ్ళ వాళ్ళు వరండాలోనే, వారధి కెమెరా ముందే మింగాలి.

“అందరికీ మందే ఇచ్చీయొచ్చు గదమ్మా?” అని బతిమాలింది రత్నం.

“రుజువైతే తప్ప అనుమతి రాదమ్మా. రుజువంటే తేడా కనిపించాలి.”

కనిపించసాగింది. పక్కింటి దానయ్య అంకె రోజురోజుకీ తగ్గి, అతను వలలు బాగుచేసుకునేదాకా వచ్చాడు. ఎల్లాజీ అంకె పెరుగుతూ పోయింది. దానయ్య పెళ్ళాం పైడితల్లి ఎదురైతే తల దించుకుని తప్పుకుంటోంది. ఫోన్ మోగితే చాలు, రత్నం ఉలిక్కిపడుతోంది.

“ఆ బిళ్ళ మానీ మావా, ఇంకో ఆస్పత్రికెల్దాం,” అంది ఏడుస్తూ.

“ఎక్కడికెల్తాం? ఈ మందు ఇంకెక్కడా నేదు. నాను మానీసినా ఇంకోడు నా వొంతు ఉత్త బిళ్ళ మింగాల,” అన్నాడు ఎల్లాజీ గోడకి తిరిగి పడుకుని.

మర్నాడు మృదుల ఫోన్ చేసింది. ఆమెకి తెర మీద కనిపించేవి గుంపుల గీతలు, పేర్లు కావు. గొంతులో సంతోషం పట్టడం లేదు.

“రత్నమ్మా, నువ్వు నిజం చెప్పబట్టే మందు బతికింది! ఒక గీత దిగుతోంది, ఒకటి ఎక్కుతోంది. తేడా ఇంకొంచెం కనిపిస్తే చాలు, మీ అందరికీ ఇచ్చేస్తాం.”

లోపల ఎల్లాజీ వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. రత్నం ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

“ఇంకా ఎంత కనబడాలమ్మా?”