నీలి యూనిఫాంలో ఒకడు

ఇన్ఫార్మర్ ఒక బట్టల కంపెనీ శాంపిల్ రూంలో కుట్టుమిషన్ మీద తల వాల్చి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారంతా. మెడ మీద సూది గుర్తు చూశాక గానీ ప్రాణం పోయిందని తెలియలేదు.

“విదేశీ ముఠా పని ఇది, బటన్,” అన్నాడు చీఫ్. మన ఏజెంటు కోడ్‌నేమ్ అదే. “కార్మికుల బట్టలు కుట్టే వర్క్‌వేర్ కంపెనీ ముసుగులో ఉన్నారు. గ్యాస్ ప్లాంటు యూనిఫాం అచ్చు గుద్దినట్టు కుట్టించారు. రేపు ఉదయం షిఫ్టులో ఆ బట్టలేసుకుని ఒకడు బాంబుతో లోపలికెళ్తాడు. ముందు ఈరోజు ఫ్యాషన్ ఎక్స్‌పోలో వాళ్ళ డిజైనర్‌ని కలువు. రెండువైపులా జీతం తీసుకునే మనిషి, జాగ్రత్త.”

ఆ ప్లాంటులోనే బటన్ వదిన క్రేన్ నడుపుతుంది. అన్నయ్య అక్కడే వెల్డరుగా పనిచేస్తూ కాలి చనిపోయాడు. ఆనాటి నుంచీ ఎక్కడికెళ్ళినా వెనకాల అన్నయ్య పొడిదగ్గు వినిపిస్తుంది. భ్రమ అన్నారు డాక్టర్లు. భ్రమకు వెల్డింగ్ పొగ వాసన కూడా ఉంటుందా, ఏమో మరి!

ఎక్స్‌పోలో నల్ల సిల్కు గౌను వేసుకున్న డిజైనర్ ఎదురొచ్చింది.

“జేబులెన్ని?” అడిగాడు బటన్.

“అన్నీ చిరిగినవే.”

కోడ్ కలిసింది.

“ఫ్యాషన్ మారిపోయింది మిస్టర్! ఒక దేశంలో సాగే బట్ట, ఇంకోచోట ఆడవాళ్ళకు వేరే కట్, మరోచోట కోటులోనే సెన్సర్లు. మా కాపీలో మాత్రం దారం కూడా తేడా ఉండదు. మీవాళ్ళే పోల్చుకోలేరు. మనిషి వెనక గేటుకొస్తాడు.”

అడగకుండానే చెప్పింది. అందుకే మర్నాడు పొద్దున్నే బటన్ ముందు గేటుకు పోయి సెక్యూరిటీ గార్డు వేషంలో నిలబడ్డాడు.

నీలి యూనిఫాంలు బారులు తీరాయి. చేతిలో పెన్నులా ఉన్న మెటల్ స్కానర్ ప్రతి టూల్‌బాక్సు దగ్గరా కీచుమంటోంది. ఇనుప సామానున్న చోట అదేం చేస్తుంది పాపం! సరిగ్గా అప్పుడే చెవి పక్కన దగ్గు వినిపించింది. తల తిప్పాడు.

ఒక వెల్డరు లోపలికి నడుస్తున్నాడు. ప్యాంటు అంచులు బూట్లలోకి నీటుగా దోపి ఉన్నాయి.

ఏ వెల్డరూ అలా దోపడు. ప్యాంటు బూటు మీదికి జారి ఉండాలి. లేదంటే నిప్పురవ్వ లోపల పడి, బూటు విప్పేలోగా కాలు కాల్చేస్తుంది. అన్నయ్య ఒకే ఒక్కరోజు, కొత్త బూట్లు అందరికీ కనబడాలన్న సరదాతో దోపుకున్నాడు. రవ్వ పడింది. మంటకు గెంతి, మండుతున్న టార్చితో సహా నూనె డ్రమ్ముల మీద పడ్డాడు.

బటన్ వాడి మీదికి దూకాడు. టూల్‌బాక్సు మూత ఎగిరిపోయింది. లోపల బాంబు టైమర్ అంకెలు ఒకటికి దిగాయి. బటన్ చేతిలోని కటింగ్ ప్లయర్ వైరు మీద పడింది. అంకె అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత ఎక్స్‌పోలో తనకు బేడీలు వేస్తుంటే డిజైనర్‌కు మింగుడుపడలేదు. “కేటలాగులో ఉన్నట్టే వేసుకున్నాడు కదా!”

“కేటలాగులో బొమ్మ పని చెయ్యదు మేడమ్.”

షిఫ్టు దిగి వదిన బయటికొచ్చింది. ప్రాణాలతో, టిఫిన్ డబ్బాతో, రోజూ ఉండే విసుగుతో. ఆమెను చూడగానే బటన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె దృష్టిలో మరిది బట్టల సేల్స్‌మన్.

మోచేతి గాయాలు చూసి నొచ్చుకుంది. “చొక్కాలమ్మే ఉద్యోగానికి ఇంత ఒళ్ళు హూనం చేసుకోవాలా నాయనా? నాలాగా ప్లాంటులో చేరరాదూ, ఏ గొడవా ఉండదు!”