పెద్ద డ్రమ్ము రెండు దెబ్బలు

పాత బడి గేటు పక్కనుండే బ్యాండు రూము దిక్కుకి, పొద్దుగూకినాక మా ఊళ్ళో ఎవురూ పోరు. బడి మెయిన్ రోడ్డు మీదికి మారినప్పటి నుంచి దానికి తాళమే. అయినా లోపల డ్రమ్ము మోగతాదంట... జువ్వలదిన్నె నుంచి చేపల బుట్టలతో వచ్చే ఆడోళ్ళు కూడా ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆపేసి గబగబా నడుస్తారు.

నేను మాత్రం నవ్వేవాణ్ణి. ఎదురుగానే నా టీ కొట్టు. "ఎలుకలురా సామీ! సముద్రం గాలికి రేకులు కొట్టుకుంటాయి" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. వింటే గదా!

ఇది పరుపుల తాజుద్దీన్‌కి జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు చెప్తా. మధ్యలో కొంత నేను కళ్ళారా చూసిందే.

తాజుద్దీన్ చిన్నప్పుడు ఆ బడి బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించేవాడు. ఇప్పుడు దూది ఏకి పరుపులు కుడతాడు. గడ్డం నెరిసింది. అయినా బ్యాండు మాటెత్తితే చాలు, మొహం వెలిగిపోద్ది. తెల్ల బూట్లకి సుద్దముక్క రుద్దుకోవడం, ఆగస్టు పదిహేనున బజారంతా తిరగడం, సముద్రం గాలి ఎదురు కొడితే బ్యూగిల్ ఊదే హజరత్తయ్య బుగ్గలు బూరెల్లా ఉబ్బడం... వినీ వినీ నాకే కంఠతా వచ్చేసింది.

వాళ్ళకి నేర్పింది యెహోషువ సార్. తాజుద్దీన్ ఎడమ చెయ్యి డ్రమ్ము మీద బరువుగా పడేదంట. సార్ తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. ఆ మణికట్టు కింద ఒక వేలు పెట్టి కొంచెం పైకి లేపేవాడు, అంతే.

పెద్ద డ్రమ్ము సారే వాయించేవాడు. ఆయన చివర్లో వెంటవెంటనే రెండు దెబ్బలు వేస్తేనే బ్యాండు ఆగాలి. అప్పటిదాకా వాన పడనీ, కుక్క కరవనీ — ఎవురూ ఆపకూడదు. "ఆ రెండు దెబ్బలు పడిందాకా మీరూ ఆపొద్దు, నేనూ ఆపను" అనేవాడు.

రిటైరైనాక గూడూరులో కూతురు దగ్గరికి పోయినాడు. ఆయన్ని చూసొద్దామని ఈ శిష్యుల్లో ఒక్కడూ బయల్దేరింది లేదు.

మొన్న వాళ్ళ బ్యాండు గ్రూపులో ఎవుడో వాట్సాప్ పెట్టినాడు, సార్‌కి సీరియస్‌గా ఉందంట అని. కాసేపటికి ఇంకొకడు "సార్ ఆత్మకి శాంతి కలగాలి" అన్నాడు. ఇంక చూసుకో, ఒకడి వెనక ఒకడు! ఫోన్ చేసి కనుక్కున్నోడు లేడు. మర్నాటికి పాత బడి గేటుకి ఫ్లెక్సీ ఎక్కింది. సార్ ఫోటో, దాని మీద పూలదండ, 'కన్నీటి నివాళి' అని అక్షరాలు, కింద వీళ్ళందరి మొహాలు. దగ్గరుండి కట్టించింది తాజుద్దీనే.

ఆదివారం సంతాప సభ. ఆ సభలో సార్ నేర్పిన మార్చ్ బాణీని, సార్ ఇచ్చిన డ్రమ్ము మీదే వాయించాలని వీడి కోరిక. "ఒక్క తప్పు కూడా పోకూడదన్నా. సార్ పైనుంచి వింటా ఉంటాడు" అన్నాడు నాతో. ఆ డ్రమ్ము ఉండేది బ్యాండు రూములో. వాచ్‌మన్ తాళం చెవి ఇచ్చినాడే గానీ తోడు రానన్నాడు. శనివారం పొద్దుగూకగానే మగ్రిబ్ నమాజు చేసుకుని, వీడు ఒక్కడే పోయినాడు.

తలుపు తోసినాడు. గబ్బిలాల కంపు... దుమ్ము... సెల్లు లైటు వేస్తే మూలన సైడ్ డ్రమ్ము, పక్కనే పెద్ద డ్రమ్ము. సెల్లు కిటికీలో పెట్టి, సైడ్ డ్రమ్ము మెళ్ళో తగిలించుకుని, పుల్లలు తీసుకుని మెల్లిగా మొదలు పెట్టినాడు.

కాసేపటికి... వెనక నుంచి పెద్ద డ్రమ్ము కలిసింది.

ధమ్... ధమ్... అడుగడుక్కీ ఒక దెబ్బ.

వీడికి తల తిప్పే ధైర్యం లేదు. చేతులు మాత్రం వాటంతట అవే వాయిస్తా ఉండాయి. ఇంతలో సెల్లు లైటు ఆరిపోయింది. చీకట్లో ఎక్కడి నుంచో సుద్ద వాసన... ఆ వెంటనే — ఎడమ మణికట్టు కింద చల్లగా ఒక వేలు తగిలింది.

తగిలి... కొంచెం పైకి లేపింది.

"యా అల్లా!"

పుల్లలు ఆడనే పారేసి పరుగు! చెప్పుల్లేవు, సెల్లు లేదు, మెళ్ళో డ్రమ్ము పొట్టకి కొట్టుకుంటా ఉంటే వచ్చి నా కొట్టు బెంచీ మీద పడినాడు. వీడు పారిపోయినా వెనక పెద్ద డ్రమ్ము ఆగలేదంట. మోగతానే ఉందంట.

అప్పటికి హజరత్తయ్య ఆడే టీ తాగతా ఉండాడు. సంగతి విని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేసినాడు. "సార్ ఆత్మ వచ్చి దీవించిందిరా! నువ్వు అదృష్టవంతుడివి!"

నాకు ఒళ్ళు మండింది. "ఆత్మ సంగతి తర్వాత. సార్ ఏ రోజు పోయినాడురా? ఎవురు చెప్పినారు మీకు?"

"గ్రూపులో అందరూ పెట్టినారు గదా..." అన్నాడు హజరత్తయ్య.

పాత హెడ్మాస్టరుకి ఫోన్ చేసి సార్ కూతురు నంబరు నేనే తీసుకున్నా. నా సెల్లులోనే కలిపి స్పీకరు పెట్టి తాజుద్దీన్ చేతికిచ్చినా.

"అమ్మా... క్యాథరిన్... సార్..."

"నాన్నా? ఉండాడన్నా. ఇప్పుడే జావ పట్టినా. ఎవురు మాట్లాడేది?"

వీడు ఫోన్ నా ఒళ్ళో పడేసినాడు. ఎదురుగా గేటు మీద, వీధి లైటు వెలుగులో, దండ వేసుకుని సార్ నవ్వతా ఉండాడు.

"బతికుండే మనిషికి దండేసినానన్నా... థూ, నా బతుకు!" అని నెత్తి కొట్టుకున్నాడు. సిగ్గుతో వాడు ఏడుస్తా ఉంటే చూడలేక నేను పొయ్యి దిక్కు తిరిగినా. వాడే పోయి గేటెక్కి ఫ్లెక్సీ తాళ్ళు తెంపినాడు. సార్ మొహం నేలకి తగలకుండా లోపలికి మడిచి చంకలో పెట్టుకున్నాడు. హజరత్తయ్య ఎప్పుడు జారుకున్నాడో నేను చూడలేదు.

తెల్లారి మొదటి బస్సుకే తాజుద్దీన్ గూడూరు పోయినాడు.

సార్ మంచం మీద ఉండాడు. పక్షవాతం. కుడి పక్కంతా పడిపోయింది, మాట లేదు, మంచం దిగి చాన్నాళ్ళైంది. ఎడమ చెయ్యి మాత్రం ఇనప మంచం పట్టీ మీద కొట్టుకుంటా ఉంది. ఒకే లెక్కన... ఆగకుండా...

"నిన్న పొద్దుగూకినప్పటి నుంచి ఇదేనన్నా" అంది క్యాథరిన్, గొంతు తగ్గించి. "రాత్రంతా కన్ను మూయలేదు. చెయ్యి పట్టుకుంటే విదిలిస్తాడు. ఏం కావాల్నో చెప్పలేడు." కుర్చీ జరుపుతా అడిగింది, "నువ్వు బ్యాండు పిల్లోడివా? మాట పడిపోకముందు తలుపు చప్పుడైతే చాలు, మా బ్యాండు పిల్లోళ్ళేమో చూడమ్మా అనేవాడు."

తాజుద్దీన్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. భూమి చీలితే బాగుండు అనుకున్నాడంట. మాట్లాడటానికి మొహం చాలక, తన చెయ్యి కూడా ఆ పట్టీ మీద పెట్టి, రాత్రి యాడ వదిలేసినాడో ఆడి నుంచి ఆ మార్చ్‌ని వేళ్ళతో ఎత్తుకున్నాడు.

సార్ కొట్టడం ఆపలేదు. మార్చ్ చివరికి వస్తా ఉండగా, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఆయన చెయ్యి మెల్లిగా జరిగి... వీడి ఎడమ మణికట్టు కింద వేలు పెట్టింది. చల్లగా ఉంది. కొంచెం పైకి లేపింది.

అప్పుడు పట్టీ మీద గట్టిగా రెండు దెబ్బలు.

ధమ్, ధమ్.

చెయ్యి ఆగింది. సార్ కళ్ళు మూసుకుని, పసిపిల్లోడి మాదిరి నిద్రపోయినాడు.

తాజుద్దీన్ ఆ సాయంత్రం తిరిగొచ్చి ఇదంతా నాకు చెప్పేసరికి వాడి ముందు టీ చల్లారిపోయింది. ఎదురుగా బ్యాండు రూము తలుపు ఇంకా బార్లా తెరిచే ఉంది. ఎలుకలని అనబోయినా, నోరు రాలేదు.

వాడు గ్లాసు అట్టనే పట్టుకుని అన్నాడు:

"భయమేసి నేను మధ్యలో వదిలేసి వచ్చినానన్నా. ఆయన రాత్రంతా ఆపలేదు."