ప్రార్థన చేరిన రేవులు

"సముద్రం మీద ప్రయాణిస్తున్న నా భర్తను క్షేమంగా ఇంటికి చేర్చు తండ్రీ!" అని కరుణకుమారి ఆదివారం ఆరాధనలో గొంతెత్తి ప్రార్థించింది. ఆ భర్త జీవరాజు పది అడుగుల దూరంలో, మగవాళ్ళ వరుసలో, కొత్త చొక్కా వేసుకుని కూర్చునే ఉన్నాడు! అతను నర్సీపట్నం వచ్చి అప్పటికి నాలుగు రోజులు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు... ఆ తర్వాత గుడంతా నవ్వింది. నా నోరు పడిపోనూ, అనుకుంటూ ఆ ఇల్లాలు చెంగుతో ముఖం దాచుకుంది.

జీవరాజు కూడా నవ్వేసి ఉంటే గొడవే లేదు. అతను ఇంటికి రాగానే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఎనిమిదేళ్ళు ఆ యూరప్‌లో లారీ తోలాను. రెండుసార్లే ఇంటికొచ్చాను. నేను లేకుండా బతకడం మీకు అలవాటైపోనాది, కరుణా! ఏజెంటు మళ్ళీ రమ్మంటన్నాడు. రేపు ఫోన్ సేసి వస్తానని సెప్పేస్తాను."

"అయ్యో, అలా అనకండీ..." అంది కరుణకుమారి. కన్నీళ్ళు వచ్చేశాయి. మళ్ళీ వెళ్తే ఇంకెన్నేళ్ళో! ఈసారి అసలు తిరిగి రాకపోతే!

నాలుగు రోజులుగా తండ్రి దగ్గరికి చేరని పదకొండేళ్ళ షర్మిల విసురుగా వచ్చి, తన బడి అట్లాసు అతని ఒళ్ళో పడేసింది.

"అమ్మనెందుకేడిపిస్తారు? ఇది సూడండి! మీరు ఫోన్లో ఏ ఊరు సెప్తే ఆ ఊరు నాసేత వెతికించేది. రోజూ సాయంత్రం దాని మీద సెయ్యి పెట్టి ప్రార్థన సేసేది. ఊరు తప్పితే ప్రార్థన ఇంకోలకి పోద్దంట!"

పేజీ నిండా పెన్సిల్ చుక్కలు... బ్రిండిసి, పాత్రాస్, కలే, డోవర్, అన్నీ లారీలు ఓడెక్కే రేవులే. ఇటలీ, గ్రీసు మధ్య సముద్రం మీదైతే కాగితం అరిగి చిల్లు పడింది. జీవరాజు ఆ చిల్లు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడే కరుణా... ఓ జనవరిలో పెద్ద గాలివాన. కింద ఓడ పొట్టలో మా లారీలన్నీ గొలుసులతో కట్టేసున్నాయి. ఆ గొలుసులు కిర్రుమంటంటే, పైన డ్రైవర్లందరం ఒకల సెయ్యి ఒకలం పట్టుకున్నాం. నాకోసం ఇంటికాడ ఎవరైనా తలుసుకుంటన్నారా అని ఏడిసేనే!"

"నేను తలుసుకోని రోజేదండీ! అలవాటైంది మీరు లేకపోవడం కాదు... మీకోసం అడగడం!" అంటూ కరుణకుమారి భోరుమంది. అతను ఆమె తల నిమురుతూ తనూ ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కొండబాబు ఎస్టీడీ బూత్‌కి వెళ్ళారు. తల్లీకూతుళ్ళు అద్దం అవతల నిలబడ్డారు. ఏమంటాడో అని కరుణకుమారి అద్దానికి చెవి ఆనించింది.

"నేను రానండి," అన్నాడు జీవరాజు ఫోన్లో. "జీతం తక్కువని కాదండి... ఇంటికాడ నన్నెవరూ పిలవలేదనుకున్నాను. ఎనిమిదేళ్ళ నుంచీ రోజూ పిలుస్తానే ఉన్నారంట!"